మేస్త్రి ఈగలు ఎగిరే నెల

అనకోర్టెస్,
మార్చి 6, 1994

ప్రియమైన హాల్వర్,

నువ్వు బార్జీలు లాగే ఆ టగ్ పడవ ఎక్కి ఇంకా పది రోజులు కాలేదు, అప్పుడే నీ షెడ్డు తలుపు బిగుసుకుపోయింది. భుజంతో నెట్టి తెరిచాను. భుజం ఇంకా సణుగుతూనే ఉంది. లోపల దేవదారు పొట్టు వాసన, మూత పెట్టని జిగురు డబ్బా, నువ్వు సగం తాగి వదిలేసిన కాఫీ. కప్పు కడిగాను. పొట్టు ఊడ్వబుద్ధి కాలేదు, అలాగే ఉంచాను.

కొత్త ఇళ్లు రెండూ తూర్పుగోడకి, పొద్దుటెండ పడేచోట తగిలించాను. పాత డెక్కు చెక్కతో చేసింది ఎంత బరువు పెట్టావయ్యా! ఈగల కోసం కట్టావా, ఎలుగుబంటి కోసం కట్టావా? నిచ్చెన మీద ఒక చేత్తో అది, ఇంకో చేత్తో సుత్తి. కింద నుంచి లైల్ చూస్తున్నాడు. ఆకులు రాలే రోజుల్లో పక్కింట్లో దిగాడే, ఆ పెద్దాయన.

"ఏంటమ్మా మావిస్, పోస్టు డబ్బాలా అవి?"

"కాదండీ. ఈగలకి ఇళ్లు."

"ఈగలకి ఇళ్లా? మా అల్లుడు నా కుక్కకి గూడు కట్టిస్తానని ఏడేళ్ల నుంచి అంటున్నాడు."

మేస్త్రి ఈగలని, తేనెటీగల జాతివేనని, బంకమట్టితో గదులు కట్టుకుంటాయని, మన ప్లమ్ చెట్టు కాసేది వాటి వల్లేనని చెప్పాను. నమ్మినట్టు తలూపాడు. నమ్మలేదు.

ఇక అసలు సంగతి. కోప్పడకు. చలికాలమంతా ఫ్రిజ్‌లో, కూరగాయల అరలో పడుకున్నాయి కదా పట్టుకాయల్లాంటి ఆ కాయలు, వాటిలో చాలా మటుకు ఇవాళ బయట పెట్టేశాను. ఓ చిన్న డబ్బాడు మాత్రం తడిగుడ్డతో సహా అరలోనే ఉంచాను. చలిలో ఉన్నంతకాలం లోపలి ఈగ లేవదు. మే మొదటి వారానికి వచ్చేస్తానన్నావు. ఇదే ఆఖరి ట్రిప్పన్నావు. ప్రతి చలికాలం ఇళ్లు కడతావు, ఫిబ్రవరిలో పోతావు, జూన్ ఆఖరుకి వస్తావు. అప్పటికి ఈగల బతుకే అయిపోతుంది. నీకు మిగిలేది మట్టి మూతలు పెట్టిన గొట్టాలు. ఇన్నేళ్లలో ఒక్కటి ఎగరగా చూడలేదు నువ్వు. ఈసారి చూస్తావు. నువ్వు గేటు తీసిన రోజే వాటినీ బయట పెడతాను.

మే మొదటి వారం దాటితే మాత్రం ఆగవు. ఒంట్లో దాచుకున్న కొవ్వు కరిగిపోయి కాయల్లోనే చచ్చిపోతాయి. అందుకని మాట తప్పకు.

క్యారెట్లు పెట్టడానికి చోటు లేని
నీ మావిస్

✦

టగ్ విల్లెట్ నుంచి,
కెచికాన్ రేవు, మార్చి 21

ప్రియమైన మావిస్,

ఉత్తరం రేవులో అందింది. వంటవాడు గస్ చేతుల మీదుగా వచ్చింది కాబట్టి ఉల్లిపాయ వాసన కొడుతోంది. మేం వెనక లాగే బార్జీ నిండా సిమెంటు, సరుకులు, ఎవరిదో పియానో ఒకటి. గాలి ఎదురుకొడుతూనే ఉంది. ఇంజిన్ గదిలో నాకు వేడి, డెక్కు మీద వాళ్లకి మంచు.

రేడియో ఫోనులో మాట్లాడితే ఏం పోయిందని కిందటేడు అడిగావు. ఆ ఛానల్ ఈ నీళ్ల మీదున్న ప్రతి పడవా వింటుంది. "నిన్ను తలుచుకుంటున్నా" అని ఒక్క మాటన్నానో, రేవులో తాడు విసిరే ప్రతివాడూ ఆ మాట నా మొహానే కొడతాడు. ఉత్తరాలే నయం.

ఫ్రిజ్ సంగతి భోజనాల బల్ల దగ్గర చెప్పడం నా తప్పు. గస్ పట్టుకున్నాడు.

"ఇళ్లు కట్టేది నువ్వు, కాపురం ఉండేవాళ్ల మొహమే ఎరగవు. రేపు నువ్వెళ్లేసరికి ఇల్లు ఖాళీ చేసి ఉడాయిస్తారు, చూసుకో."

కెప్టెన్ పెట్రిచ్ కూడా నవ్వాడు. ఆయన నవ్వితే పడవ మొత్తం నవ్వొచ్చని అర్థం.

నవ్వనీ. నేనూ చాలాసార్లు అనుకున్నాను, మావిస్, ఎందుకు కడుతున్నానా అని. డ్రిల్లు పట్టుకుని చిటికెనవేలు పట్టేంత కన్నం వేస్తాను. లోపల గరుకు లేకుండా కాగితం గొట్టం తొడుగుతాను. ఆ కన్నంలోకి వచ్చేవాళ్లెవరో నీ ఉత్తరాల్లో తప్ప నాకు తెలీదు. నీ ఉత్తరాలు చదివి నాలో నేనే ఒక ఈగని తయారుచేసుకున్నాను. అది కొంచెం నీలా ఉంటుంది. కోపమొస్తే రెక్కలు విదిలిస్తుంది.

పెట్రిచ్ ఏదో మాట కదిపాడు. తీరిగ్గా రాస్తాను.

లేచాయా? ముందు ఎవరు లేచారు? అన్నీ రాయి. చిన్నది కూడా వదలకు.

నీ హాల్వర్

✦

అనకోర్టెస్,
ఏప్రిల్ 14

ప్రియమైన హాల్వర్,

లేచాయి!

వారం పాటు ముసురు. ఆదివారం పొద్దున్న మబ్బు విడిపోయి, గోడ వెచ్చబడింది. ముందు మగవే. గుమ్మం దగ్గర గదుల్లో పడుకునేది అవే కదా. కాయని లోపల్నుంచి కొరుక్కుని, తలకాయ బయటపెట్టి, ఈ లోకం ఏంటా అన్నట్టు చూస్తాయి. మొహాన తెల్లటి కుచ్చు. పెళ్లికి తయారై వచ్చినట్టే ఉంటారు పెళ్లికొడుకులు. బయటికి రాగానే మొట్టమొదటి పని, పాపం, నెలల తరబడి ఆపుకున్నది వదిలించుకోవడం. మన గోడంతా చుక్కలు. ఇక ఆ రోజు నుంచి ఆడవాళ్లు లేస్తారని గుమ్మం ముందే గిరికీలు.

ఆ గిరికీలే కొంప ముంచబోయాయి. బట్టలారేస్తున్నాను. లైల్ చేతిలో కందిరీగల మందు డబ్బా పట్టుకుని మన వాకిట్లోకి వచ్చేశాడు. పైపు గోడవైపు పెట్టేశాడు కూడా.

"కదలకమ్మా! నీ గోడ నిండా కందిరీగలు!"

దుప్పటి అక్కడే పారేసి ఆయనకీ గోడకీ మధ్య నిలబడ్డాను. "ఆ మందు కొట్టారంటే ముందు నా మొహాన పడుతుంది" అన్నాను.

"నీ మంచికే వచ్చాను!"

"నా మంచి కోసమే దించండి."

డబ్బా దించాడు గానీ, గోడ మీంచి చూపు తిప్పలేదు. భయమేసింది ఆయనకి. నాకు జాలేసింది. ఒక మగ ఈగని వేలి మీదికి ఎక్కించుకుని ఆయన ముందుకి పట్టుకెళ్లాను.

"చెయ్యి చాపండి."

"కుట్టిందంటే?"

"మగది. దానికి ముల్లే లేదు."

"మగాళ్లకి ముల్లుండదని మా ఆవిడ బతికున్నన్నాళ్లూ ఒప్పుకోలేదు" అన్నాడు. చెయ్యి మాత్రం చాపాడు. అది ఆయన అరచేతి గీతల వెంట నడిచి, బొటనవేలి మీద కూర్చుని మీసాలు దువ్వుకుంది. ఆయన ఊపిరి బిగబట్టాడు. అది ఎగిరిపోయాక కూడా చెయ్యి అలాగే చాపి ఉంచాడు. మందు డబ్బా మన మెట్ల మీద మర్చిపోయి వెళ్లాడు. నేను తిరిగివ్వలేదు.

ఆడవాళ్లు మొన్న లేచారు. మగవాటికంటే పెద్దవి, ఉక్కు రంగు నీలం, ఎండ పడితే ఆకుపచ్చగా మెరుస్తాయి. నేను వాళ్లని మేస్త్రమ్మలంటాను. వాళ్లని చూశాక తుట్టె కట్టే తేనెటీగల గొప్ప నాకు ఆనలేదు. వీళ్లకి రాణి లేదు, పనివాళ్లు లేరు. ఒక్కో తల్లీ తన ఇల్లు తనే వెతుక్కుంటుంది, తన మట్టి తనే మోస్తుంది, తన పిల్లల తిండి తనే తెస్తుంది. పువ్వు మీద కుదురుగా వాలడం ఉండదు, బోర్లా పడుతుంది. పొట్ట కింద పుప్పొడి అంతా అంటించుకుని, పసుపు పూసుకున్నట్టు వస్తుంది. ప్లమ్ చెట్టు కింద నిలబడితే నా జుట్టు మీద కూడా పుప్పొడి రాలింది.

చెట్టు కింద గుంట తవ్వి బంకమట్టి తడిపి ఉంచాను. అక్కడికొచ్చి గుంటంతా తిరిగి, ఈ మట్టి కాదు, ఇది కాదు అని ఏరి, దవడలతో ఉండ చుట్టి పట్టుకుపోతుంది. నిన్న సాయంత్రం చల్లబడ్డాక చూశాను. ప్రతి గొట్టంలోనూ ఒక మేస్త్రమ్మ పడుకుని ఉంది. నువ్వు వేసిన కన్నాలు, హాల్వర్, ఒక్కదాన్ని కూడా వద్దనలేదు.

ఇంకోటి. గొట్టంలో లోపలివైపు ఆడపిల్లల గుడ్లు పెడుతుంది, గుమ్మం వైపు మగపిల్లలవి. వడ్రంగిపిట్ట ముక్కు పెట్టిందంటే ముందు పోయేది మగవాళ్లే. ఇది గస్‌కి చదివి వినిపించు.

అరలో ఉన్నవి హాయిగా నిద్రపోతున్నాయి. పెట్రిచ్ కదిపిన మాట ఏమిటో ఇంకా రాయలేదు నువ్వు.

నీ మావిస్

✦

రాంగెల్,
ఏప్రిల్ 30

ప్రియమైన మావిస్,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చించేశాను.

ఇంజిన్‌లో పెద్ద బేరింగు పోయింది. గురువారం, దీవుల మధ్య ఇరుకుదారిలో. చప్పుడు మారగానే నాకు తెలిసిపోయింది, ఆపేశాను. ఇంకో గంట ఆలస్యమైతే ఇరుసే విరిగేది. వేరే టగ్ వచ్చి మమ్మల్ని రాంగెల్ రేవుకి లాక్కొచ్చింది. సామాను సియాటిల్ నుంచి రావాలి, వచ్చాక బిగించాలి, బిగించేది నేనే. ఎంత లెక్క వేసుకున్నా జూన్‌కి ముందు కదలం.

అది చాలదన్నట్టు గస్‌కి కడుపులో నొప్పని ఆస్పత్రికి తీసుకెళితే అపెండిక్స్ అన్నారు. ఆపరేషన్ అయింది, బాగానే ఉన్నాడు, నర్సుల మీద కేకలేస్తున్నాడు. మేం మాత్రం డబ్బా చిక్కుళ్లు తింటున్నాం. నిన్న పెట్రిచ్ స్వయంగా రొట్టె చేశాడు. రేవులో సముద్రపు కాకులు కూడా ముట్టుకోలేదు.

మే మొదటి వారం అన్నాను. రాలేను. కాయల్ని వదిలెయ్, మావిస్. నా కళ్ల కోసం వాటిని చంపొద్దు. ఇవాళే బయట పెట్టెయ్.

పెట్రిచ్ మాట కూడా చెప్పేస్తాను. ఇంకో రెండేళ్లు ఉండమంటున్నాడు. కొత్తవాళ్లెవరికీ ఈ పాత ఇంజిన్ లొంగడం లేదట. నేను ఔననలేదు. కాదని కూడా అనలేదు.

నీ హాల్వర్

✦

అనకోర్టెస్,
మే 9

హాల్వర్,

నీ ఉత్తరం శనివారం వచ్చింది. రెండుసార్లు చదివి, మడిచి, అర తెరిచాను.

డబ్బా చెవి దగ్గర పెట్టుకుంటే గరగరమని వినిపించింది. ఆ చలిలోనే కొరకడం మొదలెట్టేశాయి. ఆగలేకపోయాయి. మధ్యాహ్నం ఎండ బాగా కాసే వేళ గోడ దగ్గర మూత తీసి పెట్టాను. స్టూలు వేసుకుని పక్కనే కూర్చున్నాను. లైల్ కంచె దాకా వచ్చి, నా మొహం చూసి, వెనక్కి వెళ్లాడు.

కొన్ని ఇట్టే లేచాయి. కొన్ని సగం దాకా వచ్చి ఆగిపోయాయి. రెక్క విప్పడానికి కూడా ఒంట్లో సత్తువ లేదు. పంచదార నీళ్లు పుల్లతో అందించాను, ఒకటి రెండు తాగాయి. కొన్ని కాయల్లోంచి అసలు చప్పుడే రాలేదు. సాయంత్రం దాకా చూసి, అవన్నీ ప్లమ్ చెట్టు మొదట్లో పాతిపెట్టాను. ప్లమ్ పూలు ఎప్పుడో రాలిపోయాయి. లేచినవాటికి ఎక్కడెక్కడివో వెతుక్కోవాల్సిందే.

ఇందులో నీ తప్పు లేదు. బేరింగు నువ్వు విరగ్గొట్టలేదు. వాటిని ఆపింది నేను. నీ కోసం ఆపానని నన్ను నేను నమ్మించుకున్నాను. అలా స్టూలు మీద కూర్చుంటే తెలిసింది. ఆ డబ్బా నీకు వేసిన గాలం. ఈగలు చూడ్డానికైనా వస్తావని.

"కాదని కూడా అనలేదు" అని రాశావు. ఆ ఒక్క ముక్క రాయడానికి నాలుగు కాగితాలు చించావు. నిజం రాసినందుకు సంతోషం.

మావిస్

✦

రాంగెల్,
మే 21

ప్రియమైన మావిస్,

నీ ఆ ఉత్తరం తర్వాత ఇంకోటి వస్తుందని రోజూ పోస్టాఫీసుకి వెళుతున్నాను. కౌంటర్లో అమ్మాయి నన్ను చూడగానే తల అడ్డంగా ఊపుతోంది. ఇవాళ నేను తలుపు తియ్యకముందే ఊపింది. లైల్ నంబరు సంపాదించి రేవు ఫోన్లోంచి చేశాను. "ఊళ్లో లేదయ్యా. ఈగల్ని నాకప్పగించి వెళ్లింది" అన్నాడు. ఎక్కడికని అడిగితే "చెప్పొద్దంది" అని పెట్టేశాడు. మీ అక్క ఇంటికా? నా మీద కోపంతోనా?

పెట్రిచ్‌కి కాదని ఎందుకు చెప్పలేకపోయానో నాలో నేనే తవ్వుకుంటున్నాను. నువ్వు అనుకునేది కాదు. సముద్రం మీద మోజు నాకెప్పుడో తీరిపోయింది. నాకు భయం, మావిస్. ఇంజిన్ చప్పుడులో నలభై ఏళ్లు నిద్రపోయినవాణ్ని. చలికాలం ఇంట్లో ఉన్నప్పుడు షెడ్డులో డ్రిల్లు ఎందుకంతసేపు తిప్పుతాననుకున్నావు? ఆ చప్పుడుంటే నేను ఫలానా అని తెలుస్తుంది. చేతిలో పని లేకుండా, వసంతకాలంలో, నీ ఎదురుగా ఊరికే కూర్చునే మనిషి ఎలా ఉంటాడో నాకు తెలీదు. నీకు నచ్చుతాడో లేదో కూడా తెలీదు. ఏటా నువ్వు ఎదురుచూసింది ఇంకెవరి కోసమోనేమో అని.

నువ్వు కాయల దగ్గర కూర్చున్న మధ్యాహ్నం గురించి చదివాక ఆ ఉత్తరం మడిచి చొక్కా జేబులోనే పెట్టుకు తిరుగుతున్నాను.

ఒక్క ముక్క రాయి. తిట్టినా సరే.

నీ హాల్వర్

✦

ఫెర్రీ మీద, కెచికాన్ దాటకముందు,
మే 22

ప్రియమైన హాల్వర్,

బెల్లింగ్‌హామ్‌లో రాంగెల్ వెళ్లే ఫెర్రీ ఎక్కాను. ఈ ఉత్తరం కెచికాన్‌లో పోస్టు చేస్తాను. దీనికంటే ముందు నేనే వస్తానేమో. వచ్చినా సరే. ఎదురుగా నిలబడితే నాకు వంట గురించి తప్ప మాట పెగలదు, నీకు తెలుసుగా. అందుకే రాస్తున్నాను.

నిన్ను లాక్కెళ్లడానికి రావడం లేదు. ఉండాలనుంటే ఉండు. ఇన్నేళ్లుగా నువ్వెక్కడికి పోతున్నావో చూద్దామని వస్తున్నాను. నేను నీకు ఈగల గురించి రాశాను, నువ్వు నాకు గాలి గురించి, ఇరుకుదారుల గురించి రాశావు. నువ్వు ఈగని చూడనట్టే నేనూ వీటిని చూడలేదు. అది నాకు ఎప్పుడూ తట్టనే లేదు చూడు! చూడనివాడివి నువ్వొక్కడివే అనుకున్నాను.

పొద్దున డెక్కు మీదికెళ్లాను. కొండలు నీళ్లలోంచే లేస్తున్నాయి, నడుమ దాకా మంచు. చెట్ల మీద గద్దలు, తెల్ల తలలు. ఒకామె థర్మాస్ కాఫీ ఇచ్చి "మొదటిసారా?" అంది. అరవై ఒకటో ఏట ఔననడానికి సిగ్గుపడ్డాను. తర్వాత సిగ్గుపోయింది. సాయంత్రం దాకా లోపలికి పోలేదు. ముక్కు తోలు లేచిపోయింది.

మేస్త్రమ్మలని లైల్ చూసుకుంటాడు. నేను నిద్రలేపిన ఆ కాసినిలో మూడు, బ్లాక్‌బెర్రీ పొదల్లో పువ్వులు వెతుక్కుని, ఇల్లు కట్టడం మొదలెట్టాయి. అంత ఆలస్యంగా, అంత నీరసంగా లేచి కూడా. వాటిని చూసే టికెట్ కొన్నాను.

నా కత్తులూ ఏప్రన్లూ పెట్టెలో ఉన్నాయి. బడి వంటగదిలో రెండొందల మంది పిల్లలకి వండిన చెయ్యి ఇది, మీ ఐదుగురు ఒక లెక్కా? పెట్రిచ్‌ని రొట్టె జోలికి పోవద్దని చెప్పు.

నీ మావిస్

✦

అనకోర్టెస్,
ఏప్రిల్ 12, 1995

ప్రియమైన మావిస్,

విల్లెట్ వంటగదిలో కూర్చుని రాసి నువ్వు మొన్న కెచికాన్‌లో పోస్టు చేసిన ఉత్తరం అందింది. ఉల్లిపాయ వాసన. ఈసారి ఆ వాసన నీదే.

గస్ తన బదులు నువ్వు చేస్తున్న వంట గురించి విని కుళ్లిపోతున్నాడట, నిజమేనా? కిందటి వేసవిలో రాంగెల్‌లో నువ్వు వండిన మూడు వారాలకే పెట్రిచ్ నడుము చుట్టూ బెల్టు కన్నం మార్చుకున్నాడు. ఆ రోజు నేను గుండె చిక్కబట్టుకుని "కెప్టెన్, ఇంక నా వల్ల కాదు, దిగిపోతున్నాను" అంటే, ఆయనేమన్నాడో నీకు పూర్తిగా చెప్పలేదు. చిన్నబోయాను కాబట్టి. "నిన్నెవరడిగారు? పైయేడు గస్ వసంతకాలంలో రాడట. నీ భార్య వస్తుందేమో అడిగి చెప్పు" అన్నాడు. నలభై ఏళ్లు నేను చూసిన ఇంజిన్ కొత్త కుర్రాడికి రెండు నెలల్లో లొంగిపోయింది. అది కూడా రాయకు అక్కడెవరికీ.

నువ్వు వెళతానన్నప్పుడు నా మొహం ఎలా ఉందో నాకు తెలుసు. నువ్వు "ఒక్క వసంతం, హాల్వర్" అన్నావు. నేను నీకు ఎన్ని వసంతాలు అలా అన్నానో లెక్కపెట్టడం మొదలెట్టి, మధ్యలో మానేసి, నీ పెట్టె మోసుకొచ్చాను.

సరే, అసలు సంగతికి వస్తాను.

లేచాయి, మావిస్.

నువ్వు రాసినవన్నీ నాకు నోటికొచ్చు. అందుకే తెలిసిందే చూడబోతున్నాననుకున్నాను. మార్చి ఆఖర్న ఎండ కాసిన రోజు కుర్చీ వేసుకుని, ఒడిలో దుప్పటి కప్పుకుని గోడ ముందు కూర్చున్నాను. గొట్టం చివర మట్టి మూతలో ముందు సూదిమొనంత కన్నం పడింది. అందులోంచి మట్టి పొడి రాలింది. తర్వాత తెల్ల కుచ్చు మొహం. నేను వేసిన కన్నంలోంచి నన్నే చూస్తోంది. "రావయ్యా" అన్నాను పైకే. కంచె దగ్గర్నుంచి లైల్ "ఎవరొచ్చారూ?" అని అరిచాడు.

ఆయన రోజూ వస్తున్నాడు. ఇప్పుడు వీధిలో ఎవరు కనబడినా ఆపి, మగ ఈగకి ముల్లుండదని పాఠం చెబుతున్నాడు. తనే ఒక ఇల్లు కట్టాడు. వంకరగా ఉంది, కప్పు ఒక పక్కకి జారింది. నా ఇళ్ల కంటే ముందు అదే నిండింది. అది వాళ్లిష్టం, నేనేమీ అనలేదు.

నేను చలికాలంలో షెడ్డులో ఏం చేస్తున్నానని అడిగావు కదా, చూపించలేదు కదా. ఒక ఇంటికి కన్నం వెయ్యకుండా, చెక్కలో కాలవ తవ్వి, దాని పక్కన పాత కిటికీ అద్దం ముక్క బిగించాను. పైన రెప్పలా చెక్క మూత. మూత ఎత్తితే లోపల జరిగేదంతా కనిపిస్తుంది. ఒక మేస్త్రమ్మ దిగింది అందులో. ఎనిమిది రోజులుగా నేను వేరే పని చెయ్యలేదు.

నీకు బయటినుంచి కనిపించేదేమిటి? లోపలికెళుతుంది, బయటికొస్తుంది, మళ్లీ వెనక్కి నడుస్తూ దూరుతుంది. అదెందుకో ఇప్పుడు చెబుతాను విను. ముందు తలతో వెళ్లి, గదిలో ఉన్న పుప్పొడి ముద్ద మీద నోట్లోంచి తేనె కక్కుతుంది. ఇక పొట్ట కింది పుప్పొడి దులపాలి. తిరగడానికి లోపల చోటు లేదు. అందుకని ఆ పొడుగు గొట్టమంతా వెనక్కి నడుచుకుంటూ గుమ్మం దాకా వచ్చి, బయట ఒక్క తిప్పు తిరిగి, మళ్లీ వెనక్కి వెనక్కి నడుచుకుంటూ చివరిదాకా పోతుంది. కాళ్లతో పొట్ట బరబరా గోకి పొడి రాల్చి, మళ్లీ ఎగిరిపోతుంది. ప్రతిసారీ ఇంతే. ఒక్క బిడ్డ తిండికి ఎన్నిసార్లో! ఇరుకు ఇంజిన్ గదుల్లో బతికినవాణ్ని, తిరగడానికి చోటు లేకపోవడం అంటే ఏమిటో నాకు తెలుసు. నేను బూతులు తిట్టేవాణ్ని. ఇది ఒక్కసారి కూడా విసుక్కోదు.

ముద్ద సరిపోయిందని ఎలా తెలుస్తుందో దానికి! సరిపోగానే దాని మీద అన్నం మెతుకంత గుడ్డు, నిలువుగా గుచ్చినట్టు పెడుతుంది. ఆ తర్వాత మట్టి. గోడ అంచుల నుంచి మొదలుపెట్టి లోపలికి, చుట్టూ చుట్టూ, మధ్యలో చిన్న కన్నం మిగిలేదాకా కట్టి, చివరి ఉండతో అది పూడుస్తుంది. పూడ్చి, తలతో తట్టి చూస్తుంది. నేను కూడా వెల్డింగు అతుకు అలాగే తట్టి చూసేవాణ్ని.

ఒక మాట ఒప్పుకోవాలి. ఇన్నేళ్లూ నీ ఉత్తరాలు చదివి, నువ్వు కొంచెం పెంచి రాస్తున్నావనుకునేవాణ్ని. ఒంటరిగా ఉంటుంది, నాకు ఊరట కోసం రంగులు అద్దుతోంది అనుకున్నాను. కాదు. తగ్గించి రాశావు. చూసినదాంట్లో పావువంతు కూడా కాగితం మీద పెట్టలేదు. ఇంత చూస్తూ, ఒక్కదానివే, ఎవరితోనూ చెప్పుకోకుండా, నాకు రాసే రెండు పేజీల్లో సర్దేసుకుని, బట్టలారేసి, వంటకి పోయేదానివి. ఆ మేస్త్రమ్మని ఎంత మెచ్చుకుంటున్నానో, అంతకంటే ఎక్కువగా నిన్ను మెచ్చుకుంటున్నాను. ఇది ఎదురుగా చెప్పలేను. నాక్కూడా ఇంజిన్ల గురించి తప్ప మాట పెగలదు.

నేను భయపడ్డట్టేమీ లేదు. ఊరికే కూర్చునే మనిషి ఒకడు నాలో ఉన్నాడు. పర్లేదు వాడు. నువ్వు వచ్చి చూడు.

ఫలానా రోజుకి వస్తానని తారీఖు చెప్పకు. ఇరుకుదారి దాటేటప్పుడు పొద్దున్నే డెక్కు మీదికెళ్లు, ఎడమవైపు జలపాతం ఉంటుంది, ఎప్పుడూ ఇంజిన్ గదిలో ఉండి నేను సరిగ్గా చూడలేదు. ఎలా ఉందో రాయి. చిన్నది కూడా వదలకు.

ఇక్కడ ఎండ మబ్బు చాటుకి పోయింది. చల్లబడగానే ఒక మగ ఈగ ఎగరలేక నా కుడిచేతి చొక్కా అంచు మీద వాలింది. తెల్ల కుచ్చు మొహం, మీసాలు వాల్చేసింది. వెచ్చదనం కోసం మణికట్టు వైపు పాకుతోంది. నేను ఆ చెయ్యి కదపడం లేదు. ఈ చివరి వాక్యాలన్నీ ఎడమచేత్తో రాస్తున్నాను, అందుకే ఇంత వంకరగా ఉన్నాయి. లైల్ భోజనానికి పిలుస్తున్నాడు, పిలవనీ. ఎండ వచ్చేదాకా ఇక్కడే ఉంటాను.

నీ హాల్వర్